దాత లారీని ఎంచుకొను విధానము

నాలుగు చక్రాల బండికి నాలుగు చక్రాలున్నాయని ప్రభుత్వాన్ని ఒప్పించడం కంటే కష్టమైన పనిని మనిషి ఇంతవరకు తలపెట్టలేదు. సముద్రాలు దాటినవారున్నారు. ఆకాశంలోకి మనుషుల్ని పంపి తిరిగి దింపిన దేశాలున్నాయి. (ఈమధ్యనే దింపారు, పేపర్లో చూశాం.) వారెవరికీ మా జిల్లాలో లారీ పర్మిట్టు లేదు కనుక వారి పని సులువుగా సాగింది.

నేను అనకాపల్లిలో బెల్లం వండే ఇనప పెనాలు అమ్ముకునేవాణ్ణి. మెకానిక్ ఇసాకూ నేనూ కలిసి ఒక పాత లారీ నడుపుతున్నాం. పల్లెల నుంచి బెల్లం దిమ్మలు మార్కెట్టుకు తేవడం దాని పని. అన్ని లారీలకు మాదిరిగానే దానికీ వెనక చక్రాలే లాగుతాయి. ముందు చక్రాలు దారి చూపిస్తాయి తప్ప ఒళ్లు వంచవు. (ఈ ఏర్పాటు ఆఫీసుల్లో కూడా ఉంది, అక్కడ దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.)

కొండకర్ల ఆవ అనే పెద్ద సరస్సు ఒడ్డున ఒక పల్లె ఉంది. ఆ పల్లెకు పోయే దారిలో చివరి మైలు, ఎండలు ముదిరిన నెలల్లో రోడ్డు. మిగతా కాలమంతా ఆవలో భాగం. మా లారీ ఆ మైలు మొదట్లోనే వెనక చక్రాలు బురదలో దించి, అక్కడే కూర్చునేది. ఎద్దుల బండ్లు కూడా అందులో దిగబడతాయి కనుక అక్కడి దాకా బెల్లం ఆడవాళ్ల నెత్తి మీద రావలసిందే.

అలా మోసుకొస్తూ కిందటి ఏడు పైడితల్లి అనే ఆమె జారిపడింది. భర్త లేడు, ఒక కూతురు, కొంచెం చెరకు తోట. మోకాలు దెబ్బతిని ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఈ ఏడు చెరకు కొట్టేముందు ఆమె మా కొట్టుకు వచ్చి, తోట అమ్మేయమంటారా, వండమంటారా అని అడిగింది. అప్పుడే నేను జుమ్మా నమాజు చేసుకుని వచ్చాను. మనసు మెత్తగా ఉంది. “వండు తల్లీ. ఈ ఏడు లారీ నీ గుమ్మం ముందుకే వస్తుంది. నువ్వు దిమ్మ నెత్తికెత్తక్కరలేదు” అన్నాను.

“సాయిబు గారు వత్తాదన్నారంటే వత్తాది” అని ఆమె వెళ్లిపోయింది.

ఇచ్చిన మాట అమానతు అని మా పెద్దలు చెబుతారు. అంటే ఇంకొకరి సొమ్ము మన దగ్గర దాచి ఉన్నట్టు. ఆ సొమ్ము ఒక లారీ ముందు చక్రాల మీద ఆధారపడుతుందని పెద్దలు ముందుగా ఊహించి ఉండరు.

పైడితల్లి బెల్లం వండింది. దిమ్మలన్నీ ఇంట్లో పేర్చింది. ఇల్లు చిన్నది కావడం చేత బెల్లం ఇంట్లో పడుకుంటే తల్లీ కూతుళ్లు పంచలో పడుకుంటున్నారు. ఆవ గాలి చెమ్మ గాలి. చెమ్మ తగిలితే బెల్లానికి చెమట పోస్తుంది, పోసి పోసి కారిపోతుంది. అందుకని మార్కెట్టుకు వచ్చే ప్రతి బండివాడి చేతా ఆమె ఒకటే కబురు పంపేది: “లారీ ఎప్పుడొత్తాదో కనుక్కో.”

*

మార్గం ఇసాక్ చెప్పాడు. పాత యుద్ధం నాటి సైన్యం లారీలు విశాఖపట్నంలో వేలం పాటలో అమ్ముతున్నారు. వాటికి ముందు చక్రాలు కూడా లాగుతాయి. అలాంటి లారీ ఒకటి కొని, దాని ముందు ఇరుసు తీసి మా లారీకి బిగిస్తే సరి. ఇచ్చే లారీని దాత అంటారు, పుచ్చుకునే లారీని గ్రహీత అంటారు.

నాకొక సందేహం వచ్చింది. “ఇసాకూ, ఆ లారీకి నాలుగు చక్రాలూ లాగుతాయి కదా. దాన్నే నడిపితే పోలేదా?”

“అదే నాకూ తట్టింది భాయీ. అంత సులువైంది ఆఫీసులో అవుద్దంటావా? అడిగి చూద్దాం.”

అడగడానికి వాహన అవయవాల విభాగానికి వెళ్లాం. అది ఒక వరండా చివర, నీళ్ల కుండకూ సైకిళ్ల వరుసకూ మధ్య ఉంటుంది. అక్కడ అవయవ మార్పిడి ఉప పరిశీలకులు త్రినాధరావు గారు కూర్చుంటారు. చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి మాకు కుర్చీ చూపించారు. (ఉన్నది ఒకటే కుర్చీ, ఆయనదే. అందుచేత అందరం నిలబడే మాట్లాడుకున్నాం.)

“పర్మిట్టు మీ పాత లారీ పేరున ఉంది. సైన్యం అమ్మిన దానికి పర్మిట్టు లేదు” అన్నారాయన.

“దానికీ ఒకటి ఇప్పించండి.”

“అది లారీ కాదండి. రికార్డు ప్రకారం విడిభాగాల సముదాయం.”

“కాని అది తనంతట తాను నడుస్తుందటండి.”

“విడిభాగాలు నడవకూడదని మేమెక్కడా అనలేదు. రోడ్డు మీద నడవకూడదు.”

ఇసాక్ గొంతు సవరించుకున్నాడు. “పోనీ మా లారీ నంబరు పలక తీసి దానికి బిగిస్తేనో సార్?”

త్రినాధరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మేము చదువుకోనివాళ్లమని జాలిపడ్డారే గాని కోప్పడలేదు. “అది నేరం. నంబరు పలక తప్ప మీరు ఏదైనా మార్చుకోవచ్చు” అన్నారు.

తరువాత దాతను ఎంచుకొను నిబంధనలు చదివి వినిపించారు. దాత వాహనము మృతి చెందినదై ఉండవలెను. ఇచ్చెడి అవయవము మాత్రము సజీవమై ఉండవలెను. దాతకును గ్రహీతకును పూర్వము ఎక్కడను ఢీకొన్న తగాదా ఉండరాదు. మరణము పరిశీలకుని సమక్షమున జరుగుట శ్రేయస్కరము.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడ నాగూర్‌బీకి చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. “బురదలో దిగే లారీ చేసుకునే బదులు అక్కడ రోడ్డు వెయ్యరా?” అంది.

నిజానికి ఆ ప్రశ్న రోడ్ల విభాగంలో నేను ముందే అడిగాను. లారీలు వెళ్లని చోటికి రోడ్డు అనవసరమని వారు అన్నారు. రోడ్డు లేని చోటికి లారీ ఎందుకు వెళుతుందని లారీల విభాగం వారు అంటారు. రెండూ సబబుగానే ఉన్నాయి. నాగూర్‌బీ ఏరిన రాయి ఒకటి పెరట్లోకి విసిరి, “ఇక్కడి నుంచైనా మొదలెట్టండి” అంది.

*

దాతను ఎంచడానికి మేము నలుగురం బయలుదేరాం. నేను, ఇసాక్, త్రినాధరావు గారు, అప్పలరాజు. అప్పలరాజు పైడితల్లి మరిది. లారీల సంగతి అతనికి తెలియదు. కాని సంతలో ఎద్దుల్ని చూసి కొనిపెట్టడంలో ఆ చుట్టుపట్ల అతనికి పేరుంది. వదిన బెల్లం మోసేదాన్ని అతని కంటితో చూడకుండా కొనడానికి వీల్లేదని ఊళ్లో తీర్మానం జరిగింది.

విశాఖపట్నంలో వేలం పాట జరిగే పాకల వెనక ఖాళీ జాగాలో మూడు లారీలున్నాయి.

మొదటిది మృతి చెంది చాలా కాలమైంది. గోరింట మొక్క దాని ఇంజను లోంచి మొలిచి బానెట్టు ఎత్తుకుని నిలబడింది. గేరుబాక్సులో కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. త్రినాధరావు గారికి ఇది చూడగానే నచ్చేసింది. “మరణం విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు” అన్నారు. అయితే ముందు ఇరుసు తుప్పులో కలిసిపోయింది. అవయవం సజీవంగా ఉండాలన్న నిబంధన దగ్గర ఆగిపోయాం. కోడి సజీవంగా ఉందని ఆయన కొంత ఆలోచించారు గాని, అది వాహనంలో భాగం కాదని తనే తోసిపుచ్చారు.

రెండోదానికి ముందు చక్రం ఒకటే ఉంది. అప్పలరాజు దాని దగ్గరికి కూడా పోలేదు. “కుంటిదానికేటి సూత్తారు, రండి” అన్నాడు.

మూడోదాన్ని కాపలాదారు స్వయంగా నడిపించుకుంటూ మా ముందుకు తెచ్చాడు. వచ్చే దారిలో ఒక మురుగు కాలవ ఉంది. లారీ అందులో దిగి, ముందు చక్రాలతో గట్టు పట్టుకుని, దుమ్ము దులుపుకున్నట్టు పైకి వచ్చేసింది. ఇసాక్ కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పలరాజు దాని చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి వేసి, ఉలికిపడుతుందేమో చూశాడు. టైర్ల గాడుల్లో వేలు పెట్టి పళ్లు లెక్కపెట్టినట్టు చూశాడు. వంగి కడుపు కింద చూశాడు. చివరికి వెనక్కి వెళ్లి నిలబడి, దాన్ని ముందుకొకసారి, వెనక్కొకసారి నడవమన్నాడు.

“నడక బాగున్నాది. పొడిసే గుణం నేదు. ఇదే కొను సాయిబు గారూ.”

“ఇది అనర్హం” అన్నారు త్రినాధరావు గారు.

“ఏటి బాబూ దీనికి లోటు?”

“బతికి ఉంది.”

అప్పలరాజు ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు. “సచ్చిన ఎద్దుని కొన్నోడు మా ఊళ్లో ఎవడూ నేడు బాబూ.”

ఇక్కడ త్రినాధరావు గారు తన సహృదయం చూపించారు. మరణం తన సమక్షంలో జరిగితే అభ్యంతరం లేదన్నారు. అందుచేత లారీ ఇంజనును అలాగే ఆడనిచ్చి, పెట్రోలు అయిపోయేదాకా వేచి ఉండాలని నిశ్చయమైంది. ఆయన గొడుగు వేసుకుని పక్కన నిలబడ్డారు. నేను దగ్గరలోని మసీదుకు వెళ్లి సాయంకాలం చేసే అసర్ నమాజు చేసుకుని వచ్చాను. అప్పటికీ అది ఊపిరి విడవలేదు. కాపలాదారు మాకు టీ తెప్పించాడు. టీ తాగుతుండగా లారీ రెండుసార్లు దగ్గి, ఒకసారి వణికి, ఆగిపోయింది. త్రినాధరావు గారు గొడుగు దించి ఒక నిమిషం నిలబడ్డారు. తరువాత ‘ఇంధన లోపము వలన సహజ మరణము’ అని రాసి సంతకం చేశారు.

మృత వాహనం నడిచి రావడానికి వీల్లేదు. అందుచేత అప్పలరాజు తన ఎద్దుల్నీ, చుట్టాల ఎద్దుల్నీ తెచ్చి తాళ్లతో లాగించాడు. నాలుగు చక్రాలతో లాగే లారీని ఎద్దులు లాక్కుంటూ పోతుంటే దారి పొడుగునా జనం బయటికొచ్చి చూశారు. అందరికన్నా చివర గొడుగు వేసుకుని త్రినాధరావు గారు నడిచారు. కొత్తూరు దగ్గర ఎవరో పోయినవారెవరని కూడా అడిగారు.

*

ఇసాక్ షెడ్డులో పని మొదలైంది. దాత ముందు ఇరుసు విప్పి మా లారీకి బిగించాడు. సాయంత్రం అప్పలరాజు చూడ్డానికి వచ్చాడు.

“బావా, దీని ముందు కాళ్లు ఏ ఇంటియి?” అని ఇసాక్‌ని అడిగాడు.

“సైన్యం లారీవి, బావా.”

“మరి ఎనక కాళ్లు?”

“మనవే.”

అప్పలరాజు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “కలిసి నడిసిన జోడీని ఇడదీత్తారేటి? అది పాపం. అదీ గాక ముందుది ఒక అడుగేత్తే ఎనకది అడుగున్నరేత్తాది. బురదలోకెల్లేక రెండూ కొట్టుకు సత్తాయి.”

మా వైపు జోడెద్దుల్ని విడదీసి అమ్మరు. అమ్మినవాడి ఇంట్లో తర్వాత ఏం జరిగినా, పొయ్యి ఆరినా, పిల్లి ఈనినా, జోడీ విడదీసిన పాపమే అంటారు. ఇసాక్ నవ్వేస్తాడనుకున్నాను. వాడు నవ్వలేదు. రెండు ఇరుసుల పళ్ల చక్రాలూ పక్కపక్కన పెట్టి చూసి, తల గోక్కున్నాడు. “బావ చెప్పేదాంట్లో నిజం ఉందిరా భాయీ. వీటి వేగాలు కలవవు.”

అందుకని దాత వెనక ఇరుసు కూడా తెచ్చి బిగించాం. మరునాడు అప్పలరాజు మళ్లీ వచ్చాడు. ఈ ఇరుసుల్ని ఇన్నాళ్లూ తోలిన గేరుబాక్సు ఏదని అడిగాడు. తోలేవాడు మారితే ఎద్దులు మాట వినవన్నాడు. గేరుబాక్సు మార్చాం. గేరుబాక్సుకు మా ఇంజను మెడ అతకలేదు, ఇంజను మార్చాం. కొత్త ఇంజను బరువుకు మా చట్రం ముందుకు వంగింది, చట్రం మార్చాం. చట్రం మారాక మా కేబిను దాని మీద కూర్చోలేదు. ఇక ఉన్నదొక్కటే కదా అని అదీ మార్చాం.

విప్పినవాటిని పారేయడానికి వీల్లేదు. దాత శవం లెక్క చూపించాలి. అందుచేత మా లారీ నుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ దాత నుంచి తీసిన భాగం ఉన్న చోట పెడుతూ వచ్చాం. పని ముగిసేసరికి షెడ్డులో ఎడమవైపు ఉన్న లారీ కుడివైపుకూ, కుడివైపు ఉన్న లారీ ఎడమవైపుకూ వచ్చాయి. కదలకుండా ఉన్నది మా నంబరు పలక ఒక్కటే. అది మొదట ఏ మేకుకు వేలాడదీశామో ఆ మేకుకే ఉంది.

“ఇసాకూ,” అన్నాను, “ఇది మనం పాకల వెనక చూసిన లారీయే కదా.”

“అదే భాయీ.”

“దానికి మన పలక బిగించబోతున్నాం కదా.”

“ఊహూ. పలకకి లారీ బిగిస్తున్నాం. అది నేరం కాదు.”

ఈలోగా పైడితల్లి కబురు మారింది. ఎప్పుడొత్తాదని అడగడం మానేసింది. అడుగు వరసకు చెమట పట్టిందని మాత్రం చెప్పి పంపింది.

*

త్రినాధరావు గారు పరిశీలనకు వచ్చారు. గ్రహీతను చూసి సంతోషించారు. తరువాత శవం దగ్గరకు వెళ్లారు. అది మా పాత లారీ అని ఆయనకు అనిపించినా, రికార్డులో దాత అని ఉంది కనుక ఆ అనుమానాన్ని దరి చేరనివ్వలేదు. మరణం ఇంకా కొనసాగుతున్నదో లేదో చూడాలి అంటూ ముందుకు వంగి, హ్యాండిల్ పెట్టి తనే ఒక తిప్పు తిప్పారు.

మా పాత ఇంజను నా ఎరికలో ఎన్నడూ మొదటి తిప్పుకు లేచింది కాదు. వేడి నీళ్లు పోయాలి, వీధిలోవాళ్లంతా తోయాలి, ఇసాక్ బతిమాలాలి. ఆ రోజు అది ఆయన చెయ్యి తగలగానే లేచి, కుట్టు మిషను మాదిరిగా ఆడింది.

“ఇది జీవించి ఉంది” అన్నారు త్రినాధరావు గారు, ఎంతో బాధతో. “జీవించి ఉన్నదాని నుంచి అవయవాలు తీశారు.”

ఇసాక్ వెళ్లి, ఆ బానెట్టు ఎత్తి, అన్నేళ్లు తను తుడిచి తోమి నడిపించిన ఇంజను మీద ఒకసారి చెయ్యి వేశాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పి జేబులో వేసుకున్నాడు. షెడ్డు నిశ్శబ్దమైంది. త్రినాధరావు గారు ‘పునర్మరణము’ అని రాసుకున్నారు.

ఇక ఏ అడ్డూ లేదనుకున్నాం. ఆయన కూడా అలాగే అనుకుని, చివరగా దారి పటం తీసి చూశారు. చూసి, ఒక చోట వేలు పెట్టి ఆగారు.

“ఈ చివరి మైలు రికార్డులో ఆవ అని ఉందండి. రోడ్డు అని లేదు.”

“ఇన్నేళ్లూ ఆ పర్మిట్టు మీదే వెళ్లాం కదండీ.”

“ఇన్నేళ్లూ మీ లారీ దాని మొదట్లో దిగబడిపోయేది. అంటే చట్టబద్ధంగా ఆగేది. ఇప్పుడు ముందు చక్రాలు లాగుతాయి. కనుక ఆగదు. ఆవలోకి వెళుతుంది. నీటి మీద వెళ్లేదాన్ని లారీ అనం, పడవ అంటాం. మీరు పడవల విభాగంలో అర్జీ పెట్టుకోండి.”

“అది ఎక్కడండి?”

“అదనపు బాధ్యతగా నేనే చూస్తున్నాను,” అన్నారాయన వినయంగా. “సోమవారాలు కుర్చీ అటు తిప్పి వేసుకుంటాను.”

*

ఈ సంగతి పైడితల్లికి నోటితో చెప్పడం నా విధి కనుక వెళ్లాను. బురద మైలు నడిచే దాటాను. మోకాళ్ల దాకా దిగబడ్డాను గాని, నాకు పర్మిట్టు అక్కరలేకపోవడం చేత ఎవరూ ఆపలేదు.

ఆమె పంచలో కూర్చుని ఉంది. గడప కింద నుంచి సన్నగా పాకం బయటికి వస్తోంది. దాని పక్కన చీమలు బారు కట్టాయి. ఆ చీమల క్రమశిక్షణ చూస్తే వాటికి కూడా ఒక విభాగం ఉందేమో అనిపించింది. నేను అంతా చెప్పాను. దాత అన్నాను, గ్రహీత అన్నాను, రికార్డులో ఇది ఆవ అన్నాను. ఆమె అడ్డు రాకుండా వింది.

“అయితే మా ఈది ఆవలో ఉన్నట్టా?”

“కాగితాల ప్రకారం అంతే తల్లీ.”

“ఆవలో ఉన్నోళ్లు దేనిమీదెల్తారు?”

నేను జవాబు చెప్పేలోగా ఆమె కర్ర పట్టుకుని లేచి మరిదిని కేకేసింది. “అప్పలరాజా, తాటిదోనెలు తే.”

తాటి మానును రెండుగా చీల్చి, బోదెను తొలిచి దోనె చేస్తారు. ఒక్కటైతే బోల్తా పడుతుందని రెండు దోనెల్ని పక్కపక్కన కట్టి ఆవలో గడ్డికీ చేపలకీ తిప్పుతారు. దాని మీద బెల్లం ఎక్కించినవాళ్లు ఆ ఊళ్లో లేరు. నీళ్లు తగిలితే బెల్లం పోతుందన్న భయం. ఇంట్లో ఉన్నా పోతోంది కనుక ఆ భయం ఇప్పుడు లేదు. కూతురు తామరాకులు కోసి తెచ్చింది. దిమ్మ దిమ్మకీ ఆకు చుట్టి దోనెల్లో పేర్చారు. అడుగు వరస దిమ్మలు చేతికి రాలేదు, గరిటెకు వచ్చాయి. వాటిని వదిలేశారు. మిగతాది అప్పలరాజు గెడ వేసి, తామర తూళ్ల మధ్య నుంచి అటు గట్టుకు చేర్చాడు. అక్కడి నుంచి మెట్ట దారి. ఎద్దుల బండి మీద మర్నాటికి మార్కెట్టుకు వచ్చేసింది.

గట్టు మీద దిమ్మలు దించుతుంటే పైడితల్లితో ఏదో చెప్పబోయాను. ఆమె నన్ను కష్టపెట్టదలచుకోలేదు.

“మీ మాట తప్పనేదు సాయిబు గారూ. లారీ వత్తాదన్నారు, ఎప్పటికైనా వత్తాది. బెల్లవే ఆగనేదు.”

మా లారీ ఇంకా షెడ్డులోనే ఉంది. ఇసాక్ రోజూ దాన్ని తుడుస్తాడు. అప్పుడప్పుడు జేబులోని ప్లగ్గులు తీసి, రెండోదాని వైపు చూసి, మళ్లీ జేబులో వేసుకుంటాడు. పడవల విభాగంలో మా అర్జీ నడుస్తోంది. లారీకి తెరచాప ఎక్కడ కట్టదలచారని అడిగారు.

తరువాతి సోమవారం త్రినాధరావు గారు కుర్చీ అటు తిప్పి వేసుకుని, పైడితల్లికి ఒక తాఖీదు పంపించారు. రెండు దోనెలను కలిపి కట్టినట్టు తమ దృష్టికి వచ్చిందని, వాటిలో దాత ఏదో, గ్రహీత ఏదో వెంటనే తెలియజేయాలని, తెలియజేసే వరకు వాటిని రోడ్డు మీద నడపరాదని అందులో ఉంది. నేనే చదివి వినిపించాను.

ఆ నిబంధనను పైడితల్లి ఈనాటి వరకు ఒక్కసారి కూడా అతిక్రమించలేదు.